స్కాట్లాండ్ రైతు పూర్వీకుల జాడ: పారిష్ రిజిస్టరా, జనగణనా, మరేదైనానా?

స్కాట్లాండ్‌లో వ్యవసాయం చేసుకుని బతికిన ముత్తాతల జాడ వెతకాలనుకునేవారిలో ఎక్కువ మంది మొదట అడిగేది పాత చర్చి రిజిస్టర్ల గురించే. గ్లాస్గోలోనో అబర్డీన్‌లోనో స్థిరపడి అక్కడి కుటుంబాలతో వియ్యమందిన తెలుగువాళ్లదీ అదే ప్రశ్న. సికింద్రాబాద్, కాజీపేట రైల్వే క్వార్టర్లలో పెరిగిన ఆంగ్లో ఇండియన్ కుటుంబాల్లో స్కాటిష్ ఇంటిపేరున్నవారిదీ అదే. ఒక్కో చర్చి పరిధిలోని ప్రాంతాన్ని పారిష్ అంటారు. నా అభిప్రాయంలో ఆ పారిష్ రిజిస్టరు చివర తెరవాల్సిన పుస్తకం. దానికంటే ముందు రెండు సంగతులు తేలాలి: మీకు తెలిసిన ఆఖరి మనిషి ఏ కాలంలో చనిపోయాడు, అతను ఏ తరహా రైతు. కౌలు రైతు జాడ చెప్పే కాగితం పాలేరు జాడ చెప్పదు.

వెతుకులాట మొత్తంలో వదలకూడని పట్టుకొమ్మ ఒకటుంది. అది పొలం పేరు. స్కాట్లాండ్‌లో ప్రతి కమతానికీ ఒక పేరుంటుంది, పత్రాల్లో మనిషి పేరు పక్కనే ఆ పేరూ రాస్తారు. ఒకే పారిష్‌లో జాన్ స్మిత్‌లు పది మంది ఉండవచ్చు, వాళ్లందరి భార్యలూ మార్గరెట్‌లే కావచ్చు. అక్కడ ఎవరు ఎవరో విడదీసి చూపేది పొలం పేరే. దొరికిన ప్రతి కాగితంలోంచీ మనుషుల పేర్లతో పాటు పొలాల పేర్లు కూడా వేరే వరుసలో రాసిపెట్టుకోండి.

ముందు 1855 గీత

స్కాట్లాండ్ రికార్డులను రెండుగా చీల్చే సంవత్సరం 1855. ఆ ఏడాది జనవరి 1 నుంచి జననం, వివాహం, మరణం ప్రభుత్వమే నమోదు చేస్తోంది. అంతకు ముందు 1553 నుంచి 1854 వరకు ఉన్నవి చర్చ్ ఆఫ్ స్కాట్లాండ్ పారిష్ రిజిస్టర్లు. వాటిలో అన్నిటికంటే పాతది పెర్త్‌షైర్‌లోని ఎరల్ పారిష్‌ది. ఈ రెండింటికీ అడ్డంగా జనగణన నడుస్తుంది. పేర్లతో సహా చూడదగ్గ జనగణనలు 1841 నుంచి 1921 వరకు పదేళ్లకొకటి ఉన్నాయి. నూరేళ్లు నిండితే గానీ తెరవరు కాబట్టి 1921 నాటిది 2022లో బయటికి వచ్చింది.

మీ పూర్వీకుడు 1855 తర్వాత చనిపోయి ఉంటే, పుట్టింది 1780లోనైనా సరే, మొదట కొనాల్సింది అతని మరణ పత్రం. స్కాట్లాండ్ మరణ పత్రంలో చనిపోయినవారి తండ్రి పేరు, వృత్తి, తల్లి పుట్టింటి ఇంటిపేరు ఉంటాయి. ఆ కాలపు ఇంగ్లాండ్ పత్రంలో ఈ వివరాలేవీ దొరకవు. 1858లో ఎనభై ఏళ్ల వయసులో పోయిన ముసలాయన పత్రం 1770 ప్రాంతంలో కాపురం పెట్టిన అతని తల్లిదండ్రుల దగ్గరికి మిమ్మల్ని ఒక్క అడుగులో చేరుస్తుంది. పారిష్ రిజిస్టర్లలో గుడ్డిగా వెతికితే అదే పనికి నెలలు పడుతుంది, ఆ తర్వాత కూడా అతనే ఇతనని నమ్మకంగా చెప్పలేం.

అయితే ఆ వివరాలు చెప్పిందెవరో పత్రం చివర చూడాలి. కొడుకో కూతురో సంతకం పెడితే నానమ్మ పుట్టింటి పేరు సరిగ్గా ఉండే అవకాశం ఎక్కువ. పొరుగువాడో, పేదల సహాయ అధికారో చెప్పి ఉంటే ఆ గడి ఖాళీగా ఉండవచ్చు, తప్పుగానూ ఉండవచ్చు. వివాహ పత్రంలో ఆ బెడద తక్కువ. తమ తల్లిదండ్రుల పేర్లు వధూవరులే చెబుతారు, ఇద్దరు తల్లుల పుట్టింటి పేర్లూ అందులో ఉంటాయి. మరణ పత్రం, వివాహ పత్రం ఒకదాన్నొకటి ఖండిస్తే నేను వివాహ పత్రాన్నే నమ్ముతాను.

1855 పత్రాల సంగతి ప్రత్యేకం. ఆ ఒక్క ఏడాది అధికారులు అడగనిది లేదు. జనన పత్రంలో తల్లిదండ్రుల వయసులు, వాళ్లు పుట్టిన ఊళ్లు, పెళ్లి జరిగిన తేదీ, అప్పటికే పుట్టిన పిల్లల లెక్క ఉంటాయి. మరణ పత్రంలో చనిపోయినవారి సంతానం పేర్లు కూడా రాశారు. నమోదు చేసేవారికి మోయలేని పని కావడంతో మరుసటి ఏడాదే చాలా గడులు తీసేశారు. తల్లిదండ్రుల పెళ్లి తేదీ, స్థలం మాత్రం 1861 నుంచి జనన పత్రాల్లోకి తిరిగి వచ్చాయి. కాబట్టి మీ నేరు పూర్వీకుడు 1850లో పుట్టినా, అతని తమ్ముడో చెల్లెలో 1855లో పుట్టి ఉంటే ముందు ఆ పత్రం తీసుకోండి. తల్లిదండ్రులు ఇద్దరికీ ఒకరే కదా.

జనగణన ఇంటిని చూపిస్తుంది

పత్రం ఒక మనిషి గురించి చెబుతుంది, జనగణన ఒక రాత్రి ఆ ఇంట్లో ఉన్నవారందరి గురించి చెబుతుంది. రైతు కుటుంబాల విషయంలో ఈ తేడా చాలా విలువైనది. 1851 నుంచి కుటుంబ పెద్దతో ఒక్కొక్కరి బంధుత్వం, పుట్టిన పారిష్ రాశారు. సొంతంగా సాగు చేసేవారైతే ఎన్ని ఎకరాలు, ఎంతమంది కూలీలు అన్నదీ చాలాచోట్ల దొరుకుతుంది. ఆరు ఎకరాల మనిషినీ, ముగ్గురు పాలేర్లతో రెండు వందల ఎకరాలు చేసేవాడినీ పత్రాలు ఒకే మాటతో రైతు అని ఊరుకుంటాయి. ఇద్దరి బతుకుల్లో ఉన్న దూరం ఎకరాల అంకెలో కనబడుతుంది. 1861 నుంచి కిటికీ ఉన్న గదులు ఇంటికెన్నో కూడా లెక్కపెట్టారు. ఒకే గదిలో తొమ్మిది మంది నిద్రపోయిన ఇంటి వివరం ఒక్క వరుసలో కళ్లముందు నిలుస్తుంది.

1841 జనగణన మిగతావాటితో సమానం కాదు. అందులో బంధుత్వాలు లేవు. పదిహేనేళ్లు దాటినవారి వయసును ఐదు గుణిజానికి తగ్గించి రాశారు, కాబట్టి ముప్ఫై అని కనిపించిన మనిషికి ముప్ఫై నాలుగు కూడా ఉండవచ్చు. పుట్టిన చోటు అడిగితే ఈ కౌంటీలోనే, కాదు అన్న జవాబుతో సరిపెట్టారు. పైగా కూపర్, కిర్కాల్డీ, కింగ్‌హార్న్ వంటి కొన్ని ఫైఫ్ కౌంటీ పారిష్‌ల 1841 పుస్తకాలు అసలు మిగలలేదు. 1851 దొరికే అవకాశం ఉంటే దాన్ని చూశాకే 1841కి వెళ్లండి.

పాలేర్ల కుటుంబాలను వెతికేవారికి తేదీలు కూడా ముఖ్యం. స్కాట్లాండ్‌లో వ్యవసాయ జీతగాళ్ల ఒప్పందాలు మే నెల విట్సన్, నవంబరు మార్టిన్‌మస్ గడువులకు మారేవి. పెళ్లికానివారు ఆరు నెలలకు, సంసారులు సాధారణంగా ఏడాదికి కుదిరేవారు. గడువు తీరగానే సామాను బండికెత్తి మరో పొలానికి వెళ్లిపోయేవారు. 1851 నుంచి 1911 వరకు జనగణనలన్నీ మార్చి చివర, ఏప్రిల్ మొదట్లో జరిగాయి, అంటే మే మార్పిడికి ముందు. 1841 గణన జూన్ 6న జరిగింది, మార్పిడి అయిపోయాక. ఏప్రిల్‌లో ఒక పొలంలో కనబడిన కుటుంబంలో అదే ఏడాది ఆగస్టులో బిడ్డ పుడితే, జనన పత్రంలో వేరే పొలం పేరు, ఒక్కోసారి వేరే పారిష్ పేరు ఉంటుంది. దాన్ని చూసి మరో కుటుంబమనుకుని పక్కన పెట్టేస్తే గొలుసు అక్కడే తెగిపోతుంది.

పిల్లలు పుట్టిన పారిష్‌ల గడి ఆ కుటుంబం తిరిగిన దారి. పెద్దవాడు ఒక పారిష్‌లో, రెండోవాడు పక్క పారిష్‌లో, మూడో బిడ్డ ఇంకోచోట పుట్టారంటే తండ్రి దాదాపు ఖాయంగా జీతగాడే. అందరూ ఒకేచోట పుడితే కౌలు ఉన్నట్టో, ఊళ్లో వేరే చేతిపని ఉన్నట్టో అనుకోవచ్చు.

పారిష్ రిజిస్టరు ఇచ్చేదీ, ఇవ్వనిదీ

ఎయిర్ పారిష్ రిజిస్టరులో ఒక బాప్తిస్మం నమోదు ఉంది. ఆలోవేలో ఉండే విలియం బర్న్స్‌కూ అతని భార్య ఆగ్నెస్ బ్రౌన్‌కూ ధర్మబద్ధంగా పుట్టిన కొడుకు రాబర్ట్, 1759 జనవరి 25న పుట్టాడు, మరునాడు బాప్తిస్మం పొందాడు అని. ఆ బిడ్డే కవి రాబర్ట్ బర్న్స్. పారిష్ రిజిస్టరు ఏమివ్వగలదో ఈ ఒక్క నమోదు చెబుతుంది: తండ్రి పేరు, తల్లి పుట్టింటి పేరు, ఉన్న చోటు, పుట్టిన తేదీ, బాప్తిస్మం తేదీ. ఇంతకంటే ఎక్కువ సాధారణంగా ఆశించకూడదు. తండ్రి తన పేరును ఒక అదనపు అక్షరంతో బర్నెస్ అని రాసుకునేవాడు, గుమాస్తా మాత్రం తన పద్ధతిలో రాసుకున్నాడు. ఇంటిపేరు స్పెల్లింగ్ ఒక అక్షరం తేడా ఉందని ఏ నమోదునూ తోసిపుచ్చకండి.

ఈ కుటుంబాన్నే ఇంకాస్త చూద్దాం, ఎందుకంటే ఇది అచ్చమైన కౌలు రైతు కుటుంబం. తండ్రి ఈశాన్యాన కింకార్డిన్‌షైర్ నుంచి వచ్చినవాడు. 1766లో మౌంట్ ఆలిఫంట్ కౌలుకు తీసుకున్నాడు, 1777లో టార్బోల్టన్ పారిష్‌లోని లాక్లీకి మారాడు, 1784లో అక్కడే చనిపోయాడు. కొడుకులు రాబర్ట్, గిల్బర్ట్ మాక్లిన్ పారిష్‌లోని మాస్‌గీల్ పొలం కౌలుకు చేశారు. 1788లో రాబర్ట్ డంఫ్రీస్ దగ్గర ఎలిస్‌ల్యాండ్‌కు వెళ్లాడు, అది డన్‌స్కోర్ పారిష్. పాతికేళ్లలోపే ఇన్ని పారిష్‌లు. ఒకే పారిష్ పుస్తకం పట్టుకుని కూర్చుంటే ఈ కుటుంబం మధ్యలో మాయమైపోయినట్టే ఉంటుంది.

మరి రాబర్ట్, జీన్ ఆర్మర్‌ల పెళ్లి? చర్చిలో జరిగిన మామూలు పెళ్లిగా వెతికితే అది దొరకదు. స్కాట్లాండ్ చట్టంలో ఇద్దరూ ఒప్పుకుంటే పెళ్లి అయినట్టే, 1940 వరకు ఆ పద్ధతి చెల్లింది. వాళ్లిద్దరి సంగతి నడిచింది మాక్లిన్ కిర్క్ సెషన్, అంటే పారిష్ చర్చి పెద్దల సభ ముందు. 1786లో వాళ్లను చర్చిలో అందరి ముందూ మందలించారు, 1788 ఆగస్టులో వాళ్ల పెళ్లిని సెషన్ గుర్తించింది. పెళ్లికి ముందు పుట్టిన బిడ్డలు, గొడవలు, పేదలకిచ్చిన సాయం, శవం మీద కప్పే వస్త్రానికి కట్టిన అద్దె, ఇవన్నీ కిర్క్ సెషన్ పుస్తకాల్లో ఉంటాయి. పారిష్ రిజిస్టర్లలో ఖననాలు చాలా తక్కువగా నమోదయ్యాయి, అలాంటిచోట ఒక రైతు ఎప్పుడు పోయాడో చెప్పే ఆధారం ఆ వస్త్రం అద్దె లెక్క ఒక్కటే కావచ్చు. నా లెక్కలో 1800కు ముందు పేద కుటుంబాల కోసం కిర్క్ సెషన్ పుస్తకాలు రిజిస్టరు కంటే మెరుగు. పేర్ల సూచిక లేకపోవడమే కష్టం, పేజీ పేజీ చదవాలి.

రిజిస్టరులో పేరు లేనంత మాత్రాన ఆ మనిషి అక్కడ పుట్టలేదని కాదు. 1783 నుంచి 1794 వరకు ఒక్కో నమోదుకు మూడు పెన్నీల పన్ను ఉండేది, కూలి కుటుంబాలు చాలామంది నమోదే మానుకున్నారు. చర్చ్ ఆఫ్ స్కాట్లాండ్ నుంచి 1733లో సెసెషన్ చర్చి, 1761లో రిలీఫ్ చర్చి విడిపోయాయి, 1843లో నాలుగు వందల యాభై మందికి పైగా పాస్టర్లు బయటికి వెళ్లి ఫ్రీ చర్చి పెట్టారు. వాళ్ల వెంట వెళ్లినవారి పిల్లల పేర్లు చాలావరకు వేరే పుస్తకాల్లో ఉంటాయి. హైలాండ్స్ అనే ఉత్తరాది కొండ ప్రాంతంలోనూ పశ్చిమ దీవుల్లోనూ చాలా పారిష్‌లకు 18వ శతాబ్దం చివర గానీ రిజిస్టర్లే మొదలు కాలేదు.

ఒకే పేరున్న ఇద్దరిలో ఎవరు మనవాళ్లో తేల్చుకోవడానికి ఒక సంప్రదాయం సాయపడుతుంది. పెద్ద కొడుక్కి నాన్న తండ్రి పేరు, రెండో కొడుక్కి అమ్మ తండ్రి పేరు, పెద్ద కూతురికి అమ్మమ్మ పేరు పెట్టేవారు. తాత పేరు మనవడికి పెట్టుకునే తెలుగు ఇళ్లవారికి ఇది వివరించనక్కర్లేదు. బర్న్స్ కుటుంబంలో రాబర్ట్ అన్నది నాన్న తండ్రి పేరు, గిల్బర్ట్ అమ్మ తండ్రి పేరు. ఇది సూచన మాత్రమే, దీన్నే రుజువుగా పట్టుకోకూడదు.

ఆయన ఏ తరహా రైతు?

కౌలు రైతు అయితే 1855 తర్వాత వాల్యుయేషన్ రోల్స్ జనగణన కంటే మేలు. ప్రతి ఏటా తయారైన ఈ జాబితాల్లో భూస్వామి, కౌలుదారు, పొలం పేరు, ఏడాది విలువ ఉంటాయి. ఆన్‌లైన్‌లో 1855, 1865, 1875 ఇలా మధ్య సంవత్సరాలవి ఉన్నాయి కాబట్టి రెండు జనగణనల నడుమ ఖాళీ చక్కగా పూడుతుంది. ఏడాదికి నాలుగు పౌండ్ల లోపు అద్దె ఇళ్లలో ఉన్నవారి పేర్లు చాలాచోట్ల రాయలేదు, అంచేత పాలేరు కోసం ఇందులో వెతకడం వృథా ప్రయాస. అంతకు ముందు కాలానికి 1797–98 నాటి వ్యవసాయ గుర్రాల పన్ను జాబితాలో రైతు పేరు, అతని గుర్రాల సంఖ్య దొరుకుతాయి. వీలునామాలు కూడా చూడండి. కాస్త స్థితిమంతుడైన కౌలు రైతు చనిపోతే పశువులు, ధాన్యం, అప్పులు లెక్కగట్టి రాసేవారు.

కౌలు రైతుల అసలు గని మాత్రం భూస్వాముల ఎస్టేట్ కాగితాలే. కౌలు పత్రాలు, వసూళ్ల చిట్టాలు, సర్వే పటాలు అందులో ఉంటాయి. పందొమ్మిదేళ్ల కౌలు అక్కడ మామూలు. ఆ గడువుకు కొంచెం అటూ ఇటూగా కొత్త పేరు వస్తే పాతవాడు చనిపోయాడో, వెళ్లిపోయాడో, కొడుక్కి అప్పగించాడో ఆరా తీయాలి. బ్రెడాల్బేన్, బక్లూ వంటి పెద్ద ఎస్టేట్ల కాగితాలు ఎడిన్‌బరోలోని స్కాట్లాండ్ జాతీయ రికార్డుల కార్యాలయంలో ఉన్నాయి, సదర్లాండ్ ఎస్టేట్‌వి జాతీయ గ్రంథాలయంలో. పొలం ఏ భూస్వామిదో వాల్యుయేషన్ రోల్ చెబుతుంది, ఆ పేరు పట్టుకుని ఎస్టేట్ కాగితాలకు వెళ్లాలి. ఇది ఇంట్లో కూర్చుని తేలే పని కాదు, ఎడిన్‌బరో ప్రయాణం పెట్టుకోవాల్సిందే.

హైలాండ్స్ క్రాఫ్టరు, అంటే చిన్న కమతం రైతు అయితే, క్రాఫ్టర్ల కష్టాల మీద విచారణకు 1883లో నేపియర్ కమిషన్ ఊరూరా తిరిగి తీసుకున్న వాంగ్మూలాలు తప్పక చదవండి. మీ మనిషి పేరు అందులో లేకపోయినా, అతని ఊరివాళ్లు ఎవరి భూమి ఎప్పుడు పోయిందో, కౌలు ఎంత పెరిగిందో తమ నోటితో చెప్పిన మాటలు ఉంటాయి. ఆ విచారణ తర్వాతే 1886 చట్టం వాళ్లకు భూమి మీద భద్రత ఇచ్చింది. హైలాండ్స్‌లో ఒకే ఊళ్లో అందరిదీ ఒకే ఇంటిపేరు కావడం సాధారణం, అంచేత ఇక్కడ జనగణనలోని ఊరి పేరు, పక్కింటివారి పేర్లు రిజిస్టరు కంటే బాగా పనికొస్తాయి.

జీతగాడు, పాలేరు అయితే జనగణన, పిల్లల జనన పత్రాలు, కిర్క్ సెషన్, ఇంతే. పెళ్లికాని కుర్రాళ్లు యాంగస్, పెర్త్‌షైర్ ప్రాంతాల్లో బోతీ అనే విడిదిలో కలిసి ఉండేవారు. జనగణనలో అది వేరే ఇల్లుగా రాసి ఉంటుంది, కాబట్టి పొలం యజమాని ఇంటి వరుసతో ఆగిపోకుండా తర్వాతి పేజీ కూడా చూడండి.

వీళ్లందరికీ పనికొచ్చేవి మరో రెండున్నాయి, రెండూ ఉచితమే. ఒకటి స్కాట్లాండ్ జాతీయ గ్రంథాలయం ఆన్‌లైన్‌లో పెట్టిన, ఆర్డ్‌నెన్స్ సర్వే అనే ప్రభుత్వ సర్వే సంస్థ గీసిన పాత పటాలు. రెండోది స్టాటిస్టికల్ అకౌంట్స్. సర్ జాన్ సింక్లెయిర్ ప్రశ్నావళి పంపితే పారిష్ పాస్టర్లు తమ ఊరి పంటలు, కూలి రేట్లు, జనాభా రాసి పంపారు, 1791 నుంచి 1799 మధ్య ఇరవై ఒక్క సంపుటాలుగా వచ్చాయి. మన ఊళ్ల కైఫీయత్తులు సేకరించిన కోలిన్ మెకంజీ కూడా స్కాట్లాండ్‌వాడే, లూయిస్ దీవి స్టోర్నోవేలో పుట్టినవాడు. కైఫీయత్తులు చదివి ఇష్టపడినవారికి ఈ సంపుటాలు తప్పక నచ్చుతాయి.

డబ్బు ఎక్కడ పెట్టాలి

అసలు పేజీల చిత్రాలకు స్కాట్లాండ్స్‌పీపుల్ అనే అధికారిక సైట్ ఉంది. చందా ఉండదు, క్రెడిట్లు కొనుక్కోవాలి. పారిష్ రిజిస్టరు, జనగణన, పాత జనన మరణ పత్రాల్లో ఏ చిత్రానికైనా ఆరు క్రెడిట్లు, అంటే ఒకటిన్నర పౌండు. ఏడున్నర పౌండ్లకు ముప్ఫై క్రెడిట్లు వస్తాయి, అంటే ఐదు చిత్రాలు. కిర్క్ సెషన్ పుస్తకాలను అదే సైట్‌లో ఉచితంగా తిరగేయవచ్చు. అక్కడ జననాలు నూరేళ్లు, వివాహాలు డెబ్బై ఐదేళ్లు, మరణాలు యాభై ఏళ్లు దాటినవే ఆన్‌లైన్‌లో చూపిస్తారు.

ఫ్యామిలీసెర్చ్ అనే సైట్‌లో పాత బాప్తిస్మాలు, పెళ్లిళ్ల సూచిక ఉచితం. ఫ్రీసెన్ అనే సైట్‌లో స్వచ్ఛంద సేవకులు ఎక్కించిన 1841, 1851, 1861 జనగణనలు చాలా కౌంటీలకు ఉచితంగా దొరుకుతాయి. ఈ రెండింట్లో వెతికి మనిషిని గుర్తించి, ఆ తర్వాతే స్కాట్లాండ్స్‌పీపుల్‌లో అసలు పేజీ కొనడం మంచిది. అలాగని సూచికతోనే ఆగిపోవద్దు. చాలా సూచికల్లో పొలం పేరు ఎక్కించలేదు. మనకు కావాల్సిందే అది కదా, ఆ ఒక్క పేరు కోసమైనా ఒకటిన్నర పౌండు పెట్టాలి.

సికింద్రాబాద్, కాజీపేట నుంచి మొదలుపెట్టేవారికి

వీరికి స్కాట్లాండ్ రికార్డులు రెండో మెట్టు. స్కాట్లాండ్‌లో ఏ పారిష్ నుంచి వచ్చాడో ముందు ఇక్కడి కాగితాల్లోనే తేలాలి. మద్రాసు ప్రెసిడెన్సీ చర్చిల్లో జరిగిన బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, ఖననాల ప్రతులు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీ ఇండియా ఆఫీస్ రికార్డుల్లో ఉన్నాయి. బ్రిటిష్ ఇండియా కుటుంబాల చరిత్ర కోసం పనిచేసే ఫిబిస్ సంస్థ సూచికలో ఉచితంగా వెతకవచ్చు. పెళ్లి నమోదులో సాధారణంగా తండ్రి పేరు దొరుకుతుంది, స్కాట్లాండ్‌లో పుట్టిన ఊరు దొరకడం అరుదు.

పూర్వీకుడు బ్రిటిష్ సైన్యంలో పనిచేసి పింఛను తీసుకున్న సిపాయి అయితే లండన్‌లోని క్యూ అనే ప్రాంతంలో ఉన్న జాతీయ ఆర్కైవ్స్‌లో దొరికే, సైన్యం నుంచి విడుదల చేసినప్పటి పత్రాలు ఆ లోటు తీరుస్తాయి. పుట్టిన పారిష్, కౌంటీ, సైన్యంలో చేరినప్పటి వయసు, అంతకు ముందు చేసిన పని వాటిలో రాసి ఉంటాయి. ఆ పని కూలి అని ఉంటే పాలేరు కుటుంబంగా అనుకుని, వెతకాల్సింది ఒక్క పారిష్‌లో కాదు, చుట్టూ ఉన్న నాలుగైదు పారిష్‌లలో. అతని అన్నదమ్ములో అక్కచెల్లెళ్లో స్కాట్లాండ్‌లోనే ఉండిపోయి 1855 తర్వాత చనిపోయి ఉంటే వాళ్ల మరణ పత్రం తీసుకోండి. హైదరాబాద్‌లో చనిపోయినవాడి తల్లి పుట్టింటి పేరు అందులో దొరుకుతుంది.